నల్లమల అంచు గుళ్ళకు చెప్పే మనిషి కావాలి

కార్తీక సోమవారం నంద్యాల కాస్త ముందే నిద్ర లేస్తుంది. చామకాలువ పక్కన ప్రథమనంది గుళ్ళో దీపాలు వెలిగేసరికే బయట ఆటోలు బారులు తీరి ఉంటాయి. అక్కడి నుంచి ఆంజనేయస్వామి గుళ్ళో కొలువైన నాగనంది, ఆ తర్వాత సోమనంది. ఊళ్ళోవి ఈ మూడూ అయ్యాక బండ్లు మహానంది దారి పడతాయి. దారిలో సూర్యనంది. బండి ఆత్మకూరు మండలంలో కడమలకాల్వ దగ్గర శివనంది, ఇంకాస్త లోపలికి అడవి అంచున కృష్ణనంది. మహానంది చేరాక వినాయకనంది, గరుడనంది, చివరికి మహానందీశ్వరుడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే లోపల తొమ్మిదీ దర్శించుకుంటే మంచిదని తరతరాల నమ్మకం. ముసలీ ముతకా, పిల్లా జెల్లా అంతా ఆ రోజు బయల్దేరతారు.

ఇంత శ్రమపడి తిరిగినా ఒక్కో గుళ్ళో మనిషికి దక్కేది ఎంత? చెప్పులు విడవడం, వత్తి వెలిగించడం, హారతి కళ్ళకద్దుకోవడం, మళ్ళీ బండెక్కడం. "ఎన్నయినాయి?" అని ఒకరు అడిగితే "ఆరు, ఇంక మూడు" అని ఇంకొకరి జవాబు. ఆ గుడి ఎవరు కట్టారు, అడవి అంచున ఎందుకు కట్టారు, గోడ మీద ఆ చెక్కడం ఏమిటి అని అడిగే తీరిక ఉండదు. తీరిక చేసుకుని అడిగినా చెప్పే మనిషి ఉండడు. కార్తీకం వెళ్ళిపోయాక మహానంది ఒక్కటే సందడిగా ఉంటుంది. తక్కిన నందులు పూజారి వచ్చి దీపం పెట్టి, నైవేద్యం చూపించి తలుపు వేసుకుపోయే ప్రశాంతమైన గుళ్ళుగా మిగిలిపోతాయి.

2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లాను చీల్చి నంద్యాల జిల్లా ఏర్పాటు చేశారు. శ్రీశైలం, మహానంది, యాగంటి, అహోబిలం నాలుగూ ఇప్పుడు ఈ ఒక్క జిల్లాలోనివే. జిల్లా వచ్చింది, నాలుగు వరుసల రోడ్డు వచ్చింది, ఆళ్ళగడ్డ మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి కడప దాకా బండ్లు పరుగులు తీస్తున్నాయి. పర్యాటకం అనగానే అధికారులకు, నాయకులకు తోచేవి కాటేజీలు, స్వాగత తోరణాలు, పార్కింగు స్థలాలు. అవసరమే, ఎవరూ కాదనరు. అయితే ఈ గుళ్ళకు ఇవాళ అన్నిటికంటే పెద్ద లోటు చెప్పే మనిషి. ఒక గుడి ముందు గంటసేపు నిలబెట్టి, చూడవలసింది చూపించి, తెలిసింది తెలిసినట్టు చెప్పగల స్థానిక గైడు. ఆ గైడును తయారు చేసే పని జిల్లా యంత్రాంగం, దేవాదాయ శాఖ, మఠాలు కలిసి తలకెత్తుకోవాలి.

చూసింది చెప్పడం, చెప్పింది రాసుకోవడం ఈ దారికి కొత్త కాదు. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప దాటి అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగానే పైకి సాగిపోయారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన మనిషి. మజిలీ మజిలీకీ ఏ ఊరు, ఎంత దూరం, దారి ఎట్లాంటిది, అక్కడ ఏం దొరుకుతాయి, గుళ్ళో ఏం జరుగుతుంది అని తన వెనక వచ్చేవాళ్ళకు పనికొచ్చేట్టు రాసుకుంటూ పోయారు. 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరేసరికి 'కాశీయాత్ర చరిత్ర' అనే పుస్తకానికి సరుకు సిద్ధమైంది. అంతకు కొన్నేళ్ళ ముందే సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా కరణాలను, అర్చకులను అడిగి కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించారు. అడిగితే చెప్పేవాళ్ళు అప్పుడు ప్రతి గుడి దగ్గరా ఉన్నారు. ఇప్పుడు అదే గుడి ముందు యాత్రికుడు సెల్‌ఫోను తీసి వెతుక్కుంటున్నాడు. అందులో ఒకే కథ పది చోట్ల పది రకాలుగా కనిపిస్తుంది.

మహానందినే చూడండి. నంద్యాలకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరం. వచ్చినవాళ్ళు కోనేట్లో మునిగి, లింగాన్ని తాకి, ప్రసాదం తీసుకుని వెళ్ళిపోతారు. కోనేటి గట్టున ఒక్క పది నిమిషాలు ఆపి చెప్పగలిగితే ఆ చోటే వేరుగా కనిపిస్తుంది. ఆలయ ప్రాంగణంలోని రుద్రగుండంలో నీళ్ళు నిలబడ్డ మనిషికి ఛాతీ దాకా వస్తాయి. అడుగున పడ్డ రూపాయి బిళ్ళ మీద బొమ్మేదో, అంకె ఏదో పైనుంచి చూసి చెప్పవచ్చు, అంత తేట. వానాకాలమైనా ఎండాకాలమైనా మట్టం పెద్దగా మారదు. గర్భాలయంలో లింగం కింది నుంచి ఊరే జల గుండంలోకి వస్తుంది, అక్కడి నుంచి బయటి బ్రహ్మ, విష్ణు గుండాలకు, ఆపైన కాలువలై పొలాల్లోకి పోతుంది. చుట్టూ కనుచూపు మేర అరటితోటలు, వరిమళ్ళు ఆ నీళ్ళ చలవే.

ఈ నీళ్ళు ఎక్కడివి? వెనక నిలబడ్డ నల్లమల కొండలు కురిసిన వానను రాతి చీలికల్లోంచి లోపలికి తీసుకుని పాదం దగ్గర ఊటలుగా వదులుతాయి. కొండకు, నీటికి, గుడికి, మడికి మధ్య ఉన్న ఈ లంకెను తెలిసిన మనిషి చేత్తో చూపించి చెబితే, స్నానం చేయడానికి వచ్చిన పిల్లవాడు జన్మలో మరచిపోడు. అడవి నరికితే కోనేరు ఏమవుతుందన్న ప్రశ్న వాడికి తనంతట తానే పుడుతుంది. అదే గైడు తలెత్తి విమానం చూపించాలి. పైకి పోయేకొద్దీ వంపు తిరిగి మూసుకునే ఆ శిఖరం తమిళదేశపు గోపురాల తీరుది కాదు, బాదామి చాళుక్యుల నాటి తీరు. తుంగభద్ర ఒడ్డున ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల మీద కనిపించే వంపు అదే. ఒక్క శిఖరం చూపించి పదమూడు వందల ఏళ్ళ వెనక్కి తీసుకుపోవచ్చు. ఇప్పుడు ఆ శిఖరం కింద నుంచి రోజూ వేల మంది తలెత్తకుండా వెళ్ళిపోతున్నారు.

యాగంటిలో కావలసింది మరో రకం నేర్పు. బనగానపల్లె దగ్గర కొండల నడుమ ఉన్న ఈ క్షేత్రంలో శివుడు లింగరూపంలో కాక ఉమతో కలిసి ఒకే శిలలో మూర్తిగా దర్శనమిస్తాడు. కాకులు ఇక్కడికి రావని, అగస్త్యుడి శాపమని చెప్పుకుంటారు. అన్నిటికంటే పేరుపడింది బసవన్న. నంది పెరుగుతున్నాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణం చేసేవాళ్ళమని, ఇప్పుడు మండపం స్తంభాలకు, నందికి మధ్య మనిషి పట్టడం లేదని పెద్దవాళ్ళు చెబుతారు. 20 ఏళ్ళకు ఒక అంగుళం అన్న లెక్క ఒకటి వార్తల్లో తిరుగుతూ ఉంటుంది. కలియుగాంతాన యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడన్న మాట వీరబ్రహ్మంగారి పేరిట ఇంటింటా వినిపిస్తుంది. ఆయన పశువులు కాసిన రవ్వలకొండ బనగానపల్లెకు ఆనుకునే ఉంది.

మంచి గైడు ఇక్కడ భక్తుణ్ణి చిన్నబుచ్చడు, కథను నిజమని దబాయించడు. ఇది జనం నమ్మకం, ఇది వీరబ్రహ్మంగారి సంప్రదాయం, ఇది విజయనగర కాలపు కట్టడం, ఈ గుహలు సున్నపురాయి నీటికి కరిగి ఏర్పడినవి, ఇదే జిల్లాలో కొలిమిగుండ్ల దగ్గర 3,229 మీటర్ల పొడవున్న బెలూం గుహలు ఏర్పడింది కూడా ఇదే తీరుగా అని వేటికవి విడదీసి చెబుతాడు. వినేవాడు తన నమ్మకం తను ఉంచుకుంటాడు, తెలియనిది తెలుసుకుంటాడు. ఈ రెంటినీ కలగలిపి "సైన్సు కూడా ఒప్పుకుంది" అని ఊదరగొట్టే గైడు గుడికి మేలు చేయడు. శిక్షణ అనేది అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఆళ్ళగడ్డ దాటి పాతిక కిలోమీటర్ల పైచిలుకు లోపలికి పోతే అహోబిలం. ఆంధ్రదేశంలో ఆళ్వార్ల పాశురాలు దక్కిన దివ్యదేశాలు తిరుమల, అహోబిలం రెండే. తిరుమంగై ఆళ్వారు ఈ కొండను కీర్తించారు. ఎర్రన నృసింహపురాణం రాసింది ఈ స్వామి కథనే. ఆ ఎర్రనను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి అహోబిలానికి, శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. తాళ్ళపాక అన్నమయ్య ఇక్కడ ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడని మనవడు చిన్నన్న రాసిన అన్నమాచార్య చరిత్రము చెబుతుంది. 1515 డిసెంబరులో కళింగ దండయాత్ర నడుమ కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి నగలు, ఒక ఊరు సమర్పించి శాసనం వేయించాడు. 1570ల చివర గోల్కొండ సేనల చేతికి చిక్కిన ఆలయం కొన్నేళ్ళ తర్వాత తిరిగి దక్కిన కథ 1584 నాటి శాసనంలో ఉంది. ఈ శాసనాలకు శాసన శాఖ వాళ్ళు 1915లోనే నకళ్ళు తీశారు, తర్వాత అచ్చూ వేశారు. చదువుకున్న ఏ స్థానిక కుర్రవాడికైనా అందే సమాచారమే ఇదంతా.

ఇంత చరిత్ర ఉన్న దిగువ అహోబిలం ప్రహ్లాదవరద ఆలయంలో సగటు యాత్రికుడు గడిపేది చాలా తక్కువ సమయం. మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన బస్సుల తొందర ఎగువకు పోవడం మీద. ఎనిమిది కిలోమీటర్లు పైకి వెళ్ళి ఉగ్రనరసింహుణ్ణి చూసి, వెదురుకర్ర కొనుక్కుని, భవనాశిని వాగు వెంట జ్వాలా నరసింహుడి దాకా ఎక్కి, ఓపికున్నవాళ్ళు ఉగ్రస్తంభం కూడా ఎక్కి దిగుతారు. నడవలేనివాళ్ళను డోలీల్లో మోస్తారు. అడవి దారి చూపించే స్థానికులు ఎగువన ఉన్నారు. వాళ్ళు లేకపోతే చాలామంది దారి తప్పేవాళ్ళే. అయితే వాళ్ళకు ఎవరూ నేర్పింది లేదు. దారి చూపిస్తారు, అడుగు ఎక్కడ వేయాలో చెబుతారు, ఇంట్లో విన్న కథ చెబుతారు. ఆ కథలకు తోడు చరిత్ర, శిల్పం కూడా వాళ్ళ చేతికి అందిస్తే వాళ్ళను మించిన గైడ్లు ఎక్కడి నుంచో రారు.

దిగువ ఆలయంలో ఒక గంట ఉంటే ఏం చూడవచ్చు? రంగమండపంలో స్తంభాల మధ్య నిలబడి ఒక్కో స్తంభం చుట్టూ తిరగాలి. దశావతారాలు, హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో పరుచుకున్న నరసింహుడు, విల్లు పట్టిన చెంచులక్ష్మి. ఉగ్రుడై స్తంభం చీల్చుకు వచ్చిన దేవుడు అడవిపిల్ల దగ్గర చల్లబడ్డాడన్న కథ ఈ కొండల్లో చెంచుల ఇంటి కథ. వాళ్ళకు నరసింహుడు అల్లుడు. గుడి బయట రాయల విజయానికి గుర్తుగా చెప్పుకునే జయస్తంభం ఉంది. చాలామంది దాని నీడలో కారు ఆపుకుంటారు గాని, అది ఏమిటని అడగరు.

దిగువకు దగ్గరలోనే ఛత్రవట నరసింహుడి గుడి. అహోబిలంలోని తొమ్మిది నరసింహ క్షేత్రాల్లో ఎక్కువగా ఏ హడావుడీ లేకుండా ఉండేవి ఇదీ, యోగానందమూ, భార్గవమూ. హాహా, హూహూ అనే గంధర్వులు వచ్చి పాడితే స్వామి మెచ్చుకుని విన్నాడని ఛత్రవట కథ. ఆ కథ శిల్పంలో ఎక్కడుందో చూడాలంటే స్వామి ఎడమచేతి మీద చూపు నిలపాలి. తొడ మీద ఆనిన ఆ చేయి తాళం వేస్తున్నట్టుగా మలిచారు. గోళ్ళతో చీల్చిన దేవుడి చేతిని పాట వింటున్న రసికుడి చేతిగా చెక్కిన శిల్పి ఎవరో తెలియదు. కానీ ఆ చేయిని వేలు పెట్టి చూపించే మనిషి ఉంటే సంగీతం తెలిసినవాళ్ళు అక్కడ కూర్చుండిపోతారు. చూపించేవాళ్ళు లేకపోతే దండం పెట్టుకుని, పువ్వుల కింద ఆ చేయి కనబడకుండానే తిరిగి వచ్చేస్తారు.

రాతిని చదివి చెప్పగలిగేవాళ్ళు ఎక్కడో లేరు. ఆళ్ళగడ్డలోనే ఉన్నారు. రోడ్డు వెంట శిల్పశాలల ముందు సగం చెక్కిన వినాయకులు, అమ్మవార్లు, ధ్వజస్తంభం ముక్కలు, నాయకుల విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి. ఆళ్ళగడ్డ రాతి శిల్పానికి జీఐ గుర్తింపు ఉంది. ఇక్కడి కృష్ణశిల మూర్తులు రాష్ట్రాలు దాటి, విదేశాల్లో మనవాళ్ళు కట్టుకున్న గుళ్ళ దాకా పోతాయి. ఇప్పుడు పెద్ద రాయిని మిషను కోస్తుంది, కానీ ముఖం తీర్చేది ఇప్పటికీ ఉలీ సుత్తే. రాయిని ఎన్నుకునేటప్పుడు శిల్పి సుత్తితో తట్టి చెవి ఒగ్గి వింటాడు. గంటలా మోగితే పురుషశిల, దేవుడి మూర్తికి పనికొస్తుంది. కంచుతాళంలా పలికితే స్త్రీశిల, అమ్మవారికి. మొద్దుగా పలికితే నపుంసకశిల, పీఠానికి. తాళమానం ప్రకారం ముఖం కొలత తీసుకుని ఒళ్ళంతా దాని లెక్కనే పంచుతాడు. కళ్ళు మాత్రం అన్నిటికంటే చివర, శాస్త్రోక్తంగా తెరుస్తారు.

ఈ పని రోజూ చేతుల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళలో పిల్లలందరూ ఉలి పట్టడం లేదు. చదువుకుని వేరే ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళున్నారు. అట్లాంటి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి అహోబిలం మండపంలో నిలబడి "ఈ స్తంభం మొత్తం ఒకే రాయి, ఈ గుర్రానికి, ఈ రౌతుకు మధ్య ఖాళీని ఇట్లా తొలిచారు, ఇక్కడ ఉలి కోణం మార్చారు చూడండి" అని చెబితే ఆ మాటకు ఉన్న బరువు పుస్తకం బట్టీ పట్టిన మనిషి మాటకు రాదు. నలభై కిలోమీటర్ల దూరంలో నంద్యాల నందులు, పాతిక కిలోమీటర్ల దూరంలో అహోబిలం, మధ్యలో శిల్పుల ఊరు. ఇంతకంటే అనువైన అమరిక మన రాష్ట్రంలో ఇంకెక్కడుంది?

చెంచులది అంతకంటే పాత హక్కు. ఏటా సంక్రాంతి మరునాడు కనుమ రోజున అహోబిలంలో పారువేట మొదలవుతుంది. ఎగువ జ్వాలా నరసింహుడు, దిగువ ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకి ఎక్కి నలభై రోజులకు పైగా ముప్ఫైకి మించిన పల్లెలు తిరుగుతారు. చెంచుపిల్లను చేసుకున్న దేవుడు తన పెళ్ళికి, అంటే ఫాల్గుణ బ్రహ్మోత్సవాలకు, ఊరూరికీ వచ్చి తానే పిలుస్తున్నాడని అర్థం. చెంచులు విల్లంబులతో ఎదురొచ్చి పల్లకి వైపు బాణం వేసే వేడుక ఇందులో భాగం. ఒక్కో ఊళ్ళో పల్లకి మోయడం, మర్యాదలు చేయడం ఫలానా కులానికి, ఫలానా ఇంటికి అని తరాలుగా పంచుకున్న బాధ్యతలున్నాయి. గుడి దేవుడు గుడి దాటి వచ్చి పేదవాడి వాకిట్లో నిలబడే ఈ పండుగ గురించి వచ్చే యాత్రికుల్లో ఎందరికి తెలుసు? చెంచు యువకుడు గైడుగా ఉంటే దీన్ని గురించి తన ఇంటి పెళ్ళి గురించి చెప్పినట్టే చెబుతాడు.

చెంచులకు ఇది కొత్త పని కూడా కాదు. ఆత్మకూరు దగ్గర బైర్లూటిలో అటవీ శాఖ నడిపే జంగిల్ క్యాంపులో స్థానిక చెంచులు పనిచేస్తున్నారు. వచ్చినవాళ్ళకు అడవి చూపించి జీతం తీసుకుంటున్నారు. జంతువుల అడుగుజాడలు చూపించినవాళ్ళు దేవుడి అడుగుజాడలూ చూపించగలరు. అహోబిలం చుట్టూ ఉన్నదీ చిరుతలు తిరిగే నల్లమలే కాబట్టి, అడవిలో ఉన్న నరసింహ క్షేత్రాలకు తెలిసిన మనిషి తోడు లేకుండా పోవడం భద్రత దృష్ట్యా కూడా తగదు.

ఒక పొద్దుటి నడకతో ఒక ఊరి బతుకును మార్చిన అనుభవం దేశంలో ఉంది. అహ్మదాబాదు నగరపాలక సంస్థ 1997 నవంబరులో పాతబస్తీ వారసత్వ నడక మొదలుపెట్టింది. పొద్దున్నే కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర బయల్దేరి, 'పోల్' అనే పాత వాడల సందుల్లోంచి జామా మసీదు దాకా నడక. తర్ఫీదు పొందిన గైడు, చిన్న గుంపు, తక్కువ రుసుము. అంతే. తాము రోజూ తిరిగే సందుల్లో చూడవలసింది ఇంత ఉందా అని ఆ ఊరివాళ్ళకే తెలిసొచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2017లో, ఆ పాత నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. ఆ గుర్తింపు వెనక ఇంకా చాలామంది కృషి ఉంది, కానీ జనాన్ని ఆ గోడల వైపు చూడనేర్పింది మాత్రం ఆ పొద్దుటి నడకే. మన పక్కనే హంపిలో గుర్తింపు కార్డున్న స్థానిక గైడ్లు ఉన్నారు. రాయల రాజధానిలో ఉన్న ఏర్పాటు, రాయలు మొక్కుకున్న గుళ్ళో ఎందుకు ఉండకూడదు?

ఇక్కడ వచ్చే అభ్యంతరాలూ ఉన్నాయి. గైడు అంటే డబ్బు గుంజేవాడని, దుకాణాల దగ్గర కమీషను తీసుకుంటాడని జనానికి భయం. ఆ భయానికి కారణాలు లేకపోలేదు. అందుకే రుసుము ఎంతో గుడి ముందు బోర్డు మీద రాసి ఉండాలి, రసీదు ఇవ్వాలి, కార్డు లేనివాళ్ళను అనుమతించకూడదు, బడిపిల్లలకు ఉచితంగా చూపించాలి. గైడు వద్దన్న భక్తుడి దర్శనానికి ఏ అడ్డూ ఉండకూడదు.

ఉన్న అర్చకులే చెప్పవచ్చు కదా అని ఇంకొందరు అంటారు. చిన్న గుళ్ళ అర్చకుల పరిస్థితి చూసి మాట్లాడాలి. ధూప దీప నైవేద్య పథకం కింద ఆదాయం లేని గుళ్ళకు నెలకు అయిదు వేలుగా ఉన్న సాయాన్ని 2024లో పది వేలకు పెంచుతున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పూజా సామగ్రి అందులోనే, అర్చకుడి కుటుంబం బతకడమూ అందులోనే. ఆయన మీద ఇంకో పని మోపడం న్యాయం కాదు. ఇష్టమున్న అర్చకులకు, వాళ్ళ పిల్లలకు శిక్షణలో మొదటి చోటివ్వడం న్యాయం. స్వామి అలంకారం, ఉత్సవాల క్రమం, గుడి ఆచారం వాళ్ళంత వివరంగా మరొకరు చెప్పలేరు.

జనం పెరిగితే ప్రశాంతత పోతుందన్నది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. నిజమే, శ్రీశైలంలో శివరాత్రి నాటి రద్దీని కృష్ణనందికి తీసుకురమ్మని ఎవరూ కోరుకోరు. గైడు ఏర్పాటు సక్రమంగా ఉంటే జరిగేది అందుకు విరుద్ధం. గుంపుకు పదిహేను మందికి మించకూడదు. మైకు ఉండకూడదు, గొంతే చాలు. పూజ వేళల్లో మాట ఆపాలి. గర్భాలయం దగ్గర ఫొటోలు లేవు, అడవిలోకి ప్లాస్టిక్ లేదు. ఒకేరోజు తొమ్మిది చూపిస్తామనే ప్యాకేజీ కాకుండా, ఒక పూటకు ఒక్క గుడి లేదా రెండు గుళ్ళు. తొందరపడి వచ్చే వెయ్యి మంది చేసే గోల, నిలబడి వినే పదిహేను మంది చేయరు. గుడి రాతికీ ఇది రక్షణే. మన ఊళ్ళలో ఎన్ని గుళ్ళలో శాసనాల మీద సున్నం కొట్టలేదు, చెక్కిన స్తంభాలకు ఆయిలు పెయింటు పూయలేదు, పాత రాతి నేల మీద టైల్సు పరచలేదు? చెడ్డ బుద్ధితో చేసినవి కావవి. ఆ రాతి విలువ చెప్పేవాళ్ళు లేక జరిగినవి. రోజూ ఆ శాసనం ముందు నిలబడి నలుగురికి చదివి చెప్పే మనిషి ఒకడుంటే, సున్నం బకెట్టు తెచ్చినవాణ్ణి అక్కడే ఆపుతాడు.

ఎవరు చేయాలన్న దగ్గర చిక్కు లేకుండా చూసుకోవాలి. నవనందుల్లో మహానంది దేవాదాయ శాఖ కింద ఉంది. అహోబిలం సంగతి వేరు. ఆ ఆలయం అహోబిల మఠంలో భాగమని, ప్రభుత్వం అక్కడ కార్యనిర్వహణాధికారిని నియమించడం చెల్లదని 2022లో రాష్ట్ర హైకోర్టు తీర్పు చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. కాబట్టి అహోబిలంలో మఠం ముందుండాలి, పర్యాటక, అటవీ శాఖలు వెనక నిలబడాలి. మఠానికి శిష్యులు ఎక్కువగా తమిళులు కాబట్టి గైడ్లకు తెలుగుతో పాటు తమిళం, కాస్త కన్నడం వచ్చేట్టు చూడాలి. కేంద్ర పర్యాటక శాఖ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ టూరిస్ట్ ఫెసిలిటేటర్ కోర్సు ఉండనే ఉంది, దానికి ఈ జిల్లా చరిత్ర, శాసనాలు, శిల్పం, అడవి మీద ఒక నెల పాఠం జత చేస్తే సరిపోతుంది.

మొదలుపెట్టడానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. నంద్యాల, ఆళ్ళగడ్డ డిగ్రీ కాలేజీల నుంచి చరిత్ర చదివిన పది మంది, ఆళ్ళగడ్డ శిల్పుల ఇళ్ళ నుంచి అయిదుగురు, చెంచు గూడేల నుంచి అయిదుగురు, అర్చక కుటుంబాల నుంచి అయిదుగురు. అందులో సగం మంది ఆడపిల్లలు. మైసూరులోని శాసన విభాగం ప్రచురించిన శాసనాల్లో ఈ గుళ్ళకు సంబంధించినవి తీసి, తేలిక తెలుగులో ఒక చిన్న కరదీపిక. రిటైరైన తెలుగు, చరిత్ర అధ్యాపకులు నంద్యాలలో తక్కువ లేరు, పిలిస్తే వచ్చి చెబుతారు. పరీక్ష హాల్లో పెట్టకూడదు. ప్రథమనంది గుళ్ళో ఒకటి, మహానంది కోనేటి గట్టున ఒకటి, దిగువ అహోబిలం మండపంలో ఒకటి పెట్టాలి. ఎదురుగా బడిపిల్లలను కూర్చోబెట్టాలి, వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాళ్ళకే కార్డు ఇవ్వాలి. కార్తీకానికి రెండు నెలల ముందు ఈ పని మొదలుపెడితే, వచ్చే నవనంది యాత్రకు ఒక్కో నంది దగ్గర కనీసం ఒక్క మనిషిని నిలబెట్టవచ్చు. మొదటి ఏడాది వాళ్ళ గౌరవవేతనం మహానంది దేవస్థానం, జిల్లా పర్యాటక కమిటీ కలిసి భరించాలి. రెండో ఏడాదికి యాత్రికులు కట్టే రుసుము ఎంత వస్తుందో లెక్క చూసి తక్కిన గుళ్ళకు విస్తరించాలి. కలెక్టరు కార్యాలయం, దేవస్థానం, మఠం కలిసి ఒక్క సమావేశం పెట్టుకుంటే ఈ జాబితా ఆ పూటే తయారవుతుంది.